పెద్దమ్మ కత్తిరించిన పూసల పట్టీ

మొన్న చెప్పు తెగితే బస్టాండు పక్కన కుట్టించుకుంటూ నిలబడ్డాను. కుట్టే ఆయన దారాన్ని మైనపు ముద్ద మీద రెండుసార్లు గుంజి సూదికి ఎక్కించాడు. ఎండకు మెత్తబడ్డ ఆ మైనం వాసన తగలగానే నా కుడిచేతి బొటనవేలు తనంతట తానే చూపుడువేలిని ఆనుకుంది. ఆ రెండు వేళ్ళూ ఒకప్పుడు కలిసేవి కావు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. వరంగల్ బజారులో ముందు కిరాణా దుకాణం, వెనక మా ఇల్లు. దసరా వెళ్ళి ఎండలు తగ్గుతుంటే కేసముద్రం దిక్కు నుంచి పత్తి బండ్లు వరసగా వచ్చి మా గల్లీలో ఆగేవి. ఎద్దుల మెడగంటల చప్పుడు, తడిసిన గడ్డి, పేడ, అరుగుల మీద ఆరబోసిన ఎండుమిర్చి ఘాటు, అన్నీ కలిసి మధ్యాహ్నానికి ఒకటే వాసనయ్యేది. బండివాళ్ళు బువ్వమూటలు విప్పుకోగానే మేము పత్తి బోరాలెక్కి ఒక బండి మీంచి ఇంకో బండి మీదికి దూకేవాళ్ళం. ఒకనాడు కాలు జారి, కుడిచెయ్యి కిందేసుకుని పడ్డాను.

ఎముక విరిగితే దవాఖానకు పోవడం మా ఇంట్లో ఎరగరు. కట్లు కట్టే ముసలాయన వచ్చి మణికట్టు సరిచేసి, గుడ్డు సొనతో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు కట్టి పోయాడు. గుడ్డు ముట్టని ఇల్లు మాది. ఆ కట్టు ఉన్నన్నాళ్ళూ నానమ్మ నన్ను వంటింటి గడప తొక్కనియ్యలేదు. పక్క అర్రలో పీట మీద కూర్చుని ఎడమచేత్తో తిన్నాను.

కట్టు విప్పాక నొప్పి లేదు. అసలు సంగతి సంక్రాంతికి సకినాలు చుట్టే రోజు తెలిసింది. నువ్వులు, వాము కలిపిన తడి బియ్యప్పిండి వాసన నిండిన అర్రలో పాత ధోవతి పరిచి, వాడకట్టు ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. పిండిని వేళ్ళ నడుమ మెలితిప్పుతూ సన్నని తాడులా జారవిడవాలి. నా బొటనవేలు చూపుడువేలి దాకా రాలేదు. పిండి ముద్దలుగా పడింది. ఒకామె నవ్వింది.

"రేపు ఒకింటికి పొయ్యే పిల్ల, ఎడమచేత్తోనే తింటదా ఇగ?" అంది నానమ్మ. అమ్మ తలెత్తలేదు.

పెద్దమ్మ చేతులు కడుక్కుని లేచింది. అమ్మకు సొంత అక్క, పక్కింట్లోనే ఉండేది. ఆమె పెనిమిటి, మా పెద్దబాపుకు గాజులు, పూసల దుకాణం. ఆమె నవ్వడం తక్కువ. పిల్లలం ఆమె ముందు గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు.

"రేపటి సంది పొద్దుగాల నా దగ్గరికి తోలు" అని అమ్మతో చెప్పి పోయింది.

మరునాడు నా ముందు ఇత్తడి పళ్ళెం పెట్టింది. అందులో ఆవగింజలంత ఎర్రపూసలు, తెల్లపూసలు కలిపేసి ఉన్నాయి. "ఏరు. ఎడమచెయ్యి ముట్టియ్యకు." పదిరోజులు అవే ఏరాను. తర్వాత అల్లిక. మైనం రుద్దిన పట్టుదారానికి రెండు కొసలా రెండు సూదులు. మూడు పూసలు ఎక్కించి, నాలుగోదాంట్లోకి సూదులు రెండూ ఎదురెదురుగా దూర్చి గుంజితే నాలుగూ దగ్గరికొచ్చి చిన్న పువ్వయ్యేది. దాని పక్కన ఇంకోటి. గుంజేటప్పుడు బొటనవేలు నొక్కిపట్టాలి, అక్కడే నా ప్రాణం పోయేది. నడుమ నడుమ ఆమె గోరువెచ్చని ఆముదంతో నా వేళ్ళు రుద్దేది.

శివరాత్రి నాటికి చేతికి సరిపోయే పట్టీ అయింది. పెద్దమ్మ దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూసి, "నడుమ తప్పు పడ్డది" అని కత్తెరతో దారం కత్తిరించింది. పూసలన్నీ పళ్ళెంలోకి రాలాయి.

ఏడుస్తూ ఇంటికి ఉరికాను. అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయి, అక్క మీద మొదటిసారి గొంతు లేపింది.

"పోరి వేళ్ళు పుండ్లయినయక్కా! ఎందుకట్ల సతాయిత్తానవ్?"

"పుండ్లు మానుతయి. రేపు తోలు."

అమ్మ తోలనంది. నేనే పోయాను. ఎందుకో చెప్పలేను, పంతం కావచ్చు.

ఈసారి పెద్దమ్మ, యుద్ధానికి ముందు బొంబాయి నుంచి వచ్చిన స్ఫటికం పూసలు దుకాణంలో పన్నెండే మిగిలితే, పువ్వుల నడుమ నడుమ వేయమని అవి తెచ్చిచ్చింది. "ఇవి పోతె మళ్ళ రావు. జర పైలం." మామిడికాయ ముక్కలు ఉప్పుకారం అద్దుకు తినే రోజులొచ్చాయి, వడగాలులు మొదలయ్యాయి, నా పట్టీ పూర్తయింది. కత్తెర తీస్తుందేమోనని చూశాను. తీయలేదు. పట్టీ నా మణికట్టుకు కట్టి, పెరుగన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. కుడిచేత్తో తిన్నాను. కొన్ని మెతుకులు జారాయి. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. చిటికెనవేలు మాత్రం నేటికీ పూర్తిగా ముడుచుకోదు.

చాలా ఏళ్ళకు, అమ్మ పోయిన తర్వాత, మొదటి పట్టీలో తప్పెక్కడ పడిందని పెద్దమ్మను అడిగాను.

"తప్పేం లేదు బిడ్డా" అంది తమలపాకుకు సున్నం రాస్తూ. "మంచిగనే అల్లినవ్. అయిపోయిందంటె మళ్ళ సూది ముట్టకపోదువు. ఏలు ఇంకా దగ్గరికి రాకపాయె."

"మరి అమ్మకన్నా చెప్పకపోయినవా?"

"చెప్తె నీకు చెప్పకుండ ఉంటదా మీ అమ్మ?"

రెండిళ్ళ నడుమ గోడకు ఒక చిన్న కిటికీ ఉండేది, అక్కాచెల్లెళ్ళు కూరగిన్నెలు అందించుకోవడానికి. గొడవైన రోజు అమ్మ దానికి గొళ్ళెం పెట్టింది. మాటలు మళ్ళీ కలిశాయి, రాకపోకలూ సాగాయి గానీ ఆ గొళ్ళెం మాత్రం తీయలేదు. పెద్దమ్మా తీయమని అడగలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. బండ్లు ఆగే గల్లీలో సెల్‌ఫోన్ దుకాణాలున్నాయి. రెండిళ్ళూ కూలగొట్టి ఒకటే కాంప్లెక్సు కట్టారు. నడుమ గోడే లేదు.