వర్తూరు బస్సు, నా తువ్వాలు

వర్తూరు నుంచి సిటీ మార్కెట్టుకు పోయే బస్సుల చరిత్ర చెప్పడానికి నాకన్నా తగినవాడు లేడు. ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన మొట్టమొదటి ముక్కు బస్సు చెరువు కట్ట మీద మొరాయిస్తే ఒంటి చేత్తో తోసి స్టార్టు చేయించినవాణ్ణి. సరే, ఒంటి చెయ్యి మాట నిజమే. తోసిన చేతులన్నీ తక్కిన ప్రయాణికులవి, నాది ఊరికే ఆనించి ఉంచాను.

ముక్కు బస్సు పోయి ఎర్ర బస్సు వచ్చింది. వానొస్తే దాని లోపల కూడా గొడుగు పట్టాల్సిందే. తర్వాత నీలం బస్సు. రంగులు మారాయి గానీ మెట్లు మారలేదు. మొదటి మెట్టే మోకాలెత్తు. సీటు పట్టే పద్ధతీ మారలేదు. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసరాలి. అది ఏ సీటులో పడితే ఆ సీటు మనది. పరుగెత్తే బస్సులో అవతలి వరుస సీటు మీదికి కూడా విసిరేవాణ్ణి నేను. ఒక్కసారే లెండి, అదీ గాలి వాటంగా.

మోకాళ్ళు అరిగాక మా ఆవిడ బస్సెక్కడం మానేసింది. మార్కెట్టు దగ్గరున్న చెల్లెలి ఇల్లు చూసి ఏళ్ళయింది. ఇప్పుడు మా దారికి కరెంటు బస్సు వస్తోందని, మెట్లే ఉండవని తెలిసి, చెల్లెలి ఇంటికి పోదాం రమ్మని పట్టుబట్టాను.

"ఎక్కలేకపోతే మళ్ళా నన్ను అడగొద్దు," అంది.

ముందు సీటు పట్టే పూచీ నాది.

ఆ ఉదయం స్టాపులో వేలమంది. వేలు కాదు, రెండు ఆటోల్లో పట్టేంత. బస్సు చప్పుడు లేకుండా వచ్చేసింది. నా గుండె చప్పుడే ఎక్కువ. గురి చూసి తువ్వాలు విసిరాను. అది అద్దానికి కొట్టుకుని నా ముఖం మీదే పడింది. ఏసీ బస్సు కదా, కిటికీలు తెరుచుకోవు.

"ఏం తాతా, అద్దం తుడుస్తా ఉండావా? డిపోలోనే తుడిచినారులే," అన్నాడు డ్రైవరు.

వెనక్కి తిరిగితే మా ఆవిడ లేదు. తోపులాటలో పడిందేమోనని తలుపు దగ్గరికి పరుగెత్తి చూస్తే, ముందు సీటులో కూర్చుని ఉంది. బస్సు తలుపు వైపుకు ఒరిగి, స్టాపు అరుగుకు సమంగా దిగిందట. కమ్మీ పట్టుకుని ఒక్క అడుగు వేసిందట.

"ఎవురూ చెయ్యి పట్టలేదప్పా, నేనే ఎక్కినా. చెల్లెలికి ఫోను కొట్టు, అక్క బస్సులో వస్తా ఉండాదని చెప్పు."

కొట్టాను. నేనే ఎత్తి ఎక్కించానని కూడా చెప్పాను. మా ఆవిడ ఫోను లాక్కుంది.