తూటిపువ్వు

ఆరేళ్ళ మా అమ్మాయికి రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు పెట్టమన్నాడు డాక్టరు. తొంభైల చివర్లో మాట. అప్పటికే చేలు పోయాయి, పెరడూ పోయింది. కాలవలో తూటికూర బాగా పెరుగుతుందని తెలుసు గానీ, అది మా వంటింటి గడప ఏనాడూ తొక్కలేదు. కూలివాళ్ళ కూర అనేవారు మా ఇంట్లో. ఎవరినీ అడగబుద్ధి కాలేదు. ఊరు లేవకముందే మసక వెలుతురులో కాలవలోకి దిగాను. ఊదారంగు గరాటు పువ్వే గుర్తనుకుని లేతాకు కోసి, తువ్వాల్లో మూటగట్టి తెచ్చాను. ఆ కూర వేసిన పప్పును అమ్మాయి మారడిగి తిని నిద్రపోయింది.

కాసేపటికి వీధిలో మేకలు తోలుకుపోతున్న ముసలాయన మాట వినబడింది. "కాలవగట్టున ఊదాపూల మొక్క తిని రెండు మేకలు గిలగిలా కొట్టుకు చచ్చాయండీ."

పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. ఆసుపత్రి నిడదవోలులో. ఏం తిన్నదని అడిగితే ఏ పేరు చెప్పాలి? భార్యను పాప దగ్గర కూర్చోబెట్టి, ఆకుతో పాటు తెగి వచ్చిన పువ్వొకటి తీసుకుని, ఒకప్పుడు మా చేలో ఊడ్పులకు వచ్చిన ఆమె ఇంటికి పరుగున వెళ్ళాను.

"ఇదేం పువ్వు? మా గేదె తినేసింది."

"మీకు గేదెక్కడిదండీ బాబుగారూ? కొట్టమే లేదుగా!" అని నవ్వింది.

"పాప తిన్నది."

ఆమె నవ్వు ఆగిపోయింది. "పువ్వు చూసి ఏం చెప్తానండీ? కూర తూటికీ పిచ్చితూటికీ ఇలాంటి పువ్వే. ఎక్కడ కోశారో చూపించండి, పదండి."

పట్టపగలు. రేవు నిండా జనం. "అయ్యగారు తూటికూరకి దిగారేంటి!" అని ఎవరో ఆడమనిషి అంది. నీళ్ళలోకి దిగి చెయ్యి చాచి చూపించాను.

"ఇక్కడ రెండూ ఉన్నాయండీ. నీళ్ళ మీద పాకినదాన్ని కోశారా, నిలబడ్డదాన్నా?"

నాకు గుర్తులేదు. ఎంత తలుచుకున్నా చీకటీ పువ్వులే తప్ప ఇంకేం కనబడలేదు. "ఈ తువ్వాల్లోనే మూటగట్టి తెచ్చాను" అన్నాను.

ఆమె నా భుజం మీద తువ్వాలు లాగి విదిలించింది. మడతల్లోంచి మూడు కాడలు రాలాయి. ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూసింది. బాణం ములుకులాంటి ఆకు, కణుపుల దగ్గర తెల్లటి వేళ్ళు.

"కూరేనండీ, ఆయ్. నీళ్ళ మీద పడుకునేది కూర. నిటారుగా నిలబడేదే విషం."

వెంటనే ఇంటికి పరుగెత్తాలనుకున్నాను. కానీ రేవంతా చూస్తుండగా మెట్ల మీద కూలబడ్డాను. ఆమె చెయ్యి అందించింది. పట్టుకుని లేచాను.