గంజి చీరలో ప్లంబరు పరీక్ష

ఆ రోజుల్లో హైదరాబాదులో పిల్లలు ఏం చదువుతున్నారని అడిగితే "అమీర్‌పేట వెళ్తున్నారు" అనేవారు. అడిగినవాళ్ళు తృప్తిగా తల ఊపేవారు. ఏ కోర్సు, ఎందుకు, దానివల్ల ఏమొస్తుంది అని తర్కించడం మర్యాద కాదు. కంప్యూటరు కోచింగులన్నీ ఉన్న మైత్రీవనం ముందు నుంచి కూరగాయల సంచితో నడిచినా సరే, అవతలి వైపు చేరేసరికి ఆ సంచిలో బెండకాయల మీద జావా కరపత్రాలు పరుచుకుని ఉండేవి. మా అన్నయ్య అక్కడి మెట్లన్నీ ఎక్కి దిగాడు. ఒక భాష నేర్చుకోవడం పూర్తయ్యేసరికి దానికి గిరాకీ తగ్గిందని ఎవరో చెప్పేవారు, వెంటనే ఇంకో భాషలో చేరేవాడు. (వాడి పాత పుస్తకాలు పారేయడానికి మనసొప్పక మా అమ్మ బియ్యం డబ్బా కింద ఎత్తుకి సి ప్లస్ ప్లస్ పెట్టుకుంది. డబ్బా ఎప్పుడూ కదల్లేదు.) నేనూ ఆ రోజుల్లో అమీర్‌పేట వెళ్ళేదాన్ని. కాకపోతే మైత్రీవనం దాటి, వెనక సందులోకి తిరిగి, ఒక రేకుల షెడ్డులోకి వెళ్ళేదాన్ని. అక్కడ నేను ప్లంబింగ్ నేర్చుకున్నాను.

అలా ఎందుకు జరిగిందో చెప్పాలి. మా నాన్నకి పంజాగుట్టలో శానిటరీ షాపు ఉండేది. కొళాయిలు, పైపులు, వాష్‌బేసిన్లు అమ్మేవారు. తెనాలి వైపు నుంచి వచ్చి పెట్టిన షాపు. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు నీళ్ళ కనెక్షన్ కావాలంటే దరఖాస్తు మీద లైసెన్సు ఉన్న ప్లంబరు సంతకం ఉండాలి. సంతకం ఎక్కడ దొరికితే జనం సామానూ అక్కడే కొంటారు. మా షాపు తరఫున సంతకం పెట్టే ఆయన్ని అందరూ టెఫ్లాన్ భాయ్ అనేవారు. పైపుల మరలకి చుట్టే తెల్ల టేపు చుట్టని ఎడమ చేతికి గాజులా తగిలించుకుని తిరిగేవాడు. నమాజుకి వెళ్ళేటప్పుడు తప్ప తీసేవాడు కాదు. అలాంటి మనిషి ఒకరోజు వచ్చి, కూతురు దగ్గరికి గుల్బర్గా వెళ్ళిపోతున్నానని, రెండు మూడు నెలల్లో బయల్దేరతానని నాన్నతో చెప్పాడు. అప్పటికే రోడ్డుకి అవతల పక్క ఇంకో శానిటరీ షాపు తెరుచుకుని ఉంది. వాళ్ళకి సొంత ప్లంబరు ఉన్నాడు. భాయ్ వెళ్ళిన మర్నాటి నుంచి మా గిరాకీ రోడ్డు దాటుతుందని నాన్నకి తెలుసు.

రాత్రి భోజనాల దగ్గర నాన్న అన్నయ్యతో, లైసెన్సు పరీక్ష రాయమని చాలా మెల్లగా అన్నారు. అన్నయ్య కంచంలోంచి తల ఎత్తకుండా, అది తన ప్రొఫైల్‌కి సరిపడదన్నాడు. నాన్న పెరుగన్నం అలాగే వదిలేసి లేచారు. అప్పటికి నేను డిగ్రీ అయిపోయి, పెళ్ళి సంబంధాల మధ్య ఖాళీల్లో షాపులో కూర్చుంటున్నాను. ఏ ఎల్బో ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. "నేను రాస్తాను నాన్నా," అన్నాను. అందులో నాన్న మీద ప్రేమ ఎంతో, అన్నయ్య ప్రొఫైల్ మీద మంట ఎంతో ఇప్పుడు తేల్చి చెప్పలేను. అమ్మ మాత్రం పెళ్ళి కావాల్సిన పిల్ల చేతికి పానా ఇస్తారా అని నాన్నని నిలదీసింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. నేర్చుకోవచ్చు గానీ ఎవరికీ చెప్పకూడదు. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి అమీర్‌పేట వెళ్తోంది" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

టెఫ్లాన్ భాయ్ నన్ను శిష్యురాలిగా తీసుకోవడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన ఆలోచించింది నేను వేసుకొచ్చిన చెప్పుల గురించే. అవి మార్చుకురమ్మన్నాడు. పైపుని వైసు ఇనుప దవడల మధ్య బిగించడం, రంపంతో వంకర లేకుండా కోయడం, నూనె వేస్తూ డై తిప్పి మరలు పెట్టడం నేర్పాడు. డై అంటే రెండు పొడుగాటి పిడులున్న ఇనుప కవ్వం అనుకోండి. నేను దాన్ని తిప్పడం కాదు, అదే నన్ను తిప్పేది. నేను పళ్ళు బిగించి వేలాడుతుంటే భాయ్ స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ, "లోహే సే లడ్నా నక్కో, బేటీ. జర ముందుకి, జర ఎనక్కి. గంతే," అనేవాడు. ఇనుముతో కొట్లాడొద్దని ఆయన భావం. ఆయన పైపు మరల్ని చూడీలు అనేవాడు. ఉర్దూలో గాజుల్నీ అలాగే అంటారు. ఒకరోజు ఇంటికి ఫోన్ చేసి, పాపని రేపు జల్ది పంపమని, చూడీలు ఎయ్యాలని అమ్మతో చెప్పాడట. సంబంధమే కుదరలేదు, గాజులకి అంత తొందరేంటని అమ్మ సాయంత్రం దాకా ఆశ్చర్యపోయింది.

భాయ్ గుల్బర్గా వెళ్ళే ముందు వారంలోనే పరీక్ష పడింది. సరిగ్గా అదే రోజు సాయంత్రం నాకు పెళ్ళిచూపులు కూడా పడ్డాయి. అబ్బాయి సాఫ్ట్‌వేర్. అతనికి సెలవు దొరికేది ఆ రోజేనట, నాకు పరీక్ష ఉన్నదీ ఆ రోజే. అమ్మ రెండింటికీ కలిపి ఒకటే ఏర్పాటు చేసింది. పొద్దున్నే నాకు గంజి పెట్టిన వెంకటగిరి చీర కట్టి, జుట్టు ముడి వేసి, చేతికి తన తోలు హ్యాండ్‌బ్యాగు ఇచ్చింది. పరీక్ష అవగానే ఆటో ఎక్కి శ్రీనగర్ కాలనీలో మా ఇంటికి వచ్చేస్తే, మొహం కడుక్కుని కాఫీ కప్పులతో బయటికి రావడమే తరువాయి. అద్దంలో చూసుకుంటే నేను నాకే కొంచెం భయం వేసేలా ఉన్నాను. బ్యాగులో పైపు పానా ఉండడం వల్ల భుజం ఒక పక్కకి వాలి, నడకలో ఒక అధికార గాంభీర్యం వచ్చింది.

పరీక్ష జరిగే ఆఫీసు హాల్లో అడుగుపెట్టగానే అక్కడున్న మగవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఒకాయన బీడీని కిటికీలోంచి విసిరేశాడు. ఎవరికోసం లేచారో అని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. అటెండరు పరుగున వచ్చి ముందు వరసకి ఎదురుగా కుర్చీ వేసి, దాన్ని తువ్వాలుతో తుడిచి, టేబుల్ ఫ్యాను నా వైపు తిప్పాడు. నేను వెనక బల్ల వైపు వెళ్ళబోతే అడ్డం వచ్చి మళ్ళీ కుర్చీ చూపించాడు. ఇంతలో పరీక్ష పెట్టే ఆఫీసరు గారు ఆలస్యంగా, చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. నేను లేచి నమస్కారం పెట్టి, "పరీక్షకి వచ్చానండి," అన్నాను.

ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మొహం పాలిపోయింది. పై ఆఫీసు నుంచి ఎవరో వస్తారని ముందే చెప్పి ఉంటే బాగుండేదని గొణిగి, వెంటనే హాలు మీద విరుచుకుపడ్డారు. ఒకరికొకరు దూరంగా కూర్చోమన్నారు. జేబుల్లో ఉన్న గైడ్లన్నీ ముందుకొచ్చి బల్ల మీద పెట్టమన్నారు. అవి ఒక చిన్న గుట్ట అయ్యాయి. ఒకాయన సాక్సులోంచి కూడా తీశాడు. నేను నోరు తెరవబోయినప్పుడల్లా ఆయన "చూస్తున్నానండి, చూస్తున్నాను," అని ఇంకో ఇద్దరి జేబులు తడిమేవారు. అటెండరు చాయ్ తెచ్చి నా ముందు పెట్టాడు. నేను దాన్ని తాగేశాను. ప్రశ్నపత్రాలు పంచుతుంటే నాకూ ఒకటి కావాలన్నాను. రెండు చేతులతో ఇచ్చారు. నేను కలం తీసి రాయడం మొదలుపెట్టాను.

ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి, నా వెనక నిలబడి, వంగి చూశారు. నేను మురుగు గొట్టం వాలు గురించి రెండో పేరాలో ఉన్నాను. అప్పుడు చాలా చిన్న గొంతుతో హాల్ టిక్కెట్టు ఉందా అని అడిగారు. ఉందని బ్యాగులోంచి తీయబోతే ముందు పానా బయటపడి బల్ల మీద ఠంగుమంది. హాలంతా తలెత్తింది. ఆఫీసరు గారు నన్ను ఏమీ అనలేకపోయారు, ఎందుకంటే పై ఆఫీసు నుంచి వచ్చానని నేను అనలేదు. అలాగని తీసుకున్న గైడ్లు తిరిగి ఇవ్వనూ లేరు. ఫ్యాను మాత్రం తన వైపు తిప్పుకున్నారు. పక్క వరసలో ఎర్రచొక్కా వేసుకున్న ఒకాయన, ఇందాక సాక్సులోంచి కూడా గైడు తీసినాయనే, నన్ను అదే పనిగా చూసి, "ఏం మేడం, నువ్వు సుత మా లెక్కనే వచ్చినవా? గా ముచ్చట జర ముందుగాల చెప్తే ఏం పోయింది?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఇల్లు కాలిపోయినవాడి ప్రశాంతత ఉంది.

మధ్యాహ్నం ప్రాక్టికల్ వెనక పెరట్లో. నా వంతు వచ్చేసరికి పొద్దున్న గైడ్లు పోగొట్టుకున్నవాళ్ళందరూ చుట్టూ మూగారు. ఆఫీసరు గారికి అప్పటికి కోపం తగ్గి జాలి వచ్చినట్టుంది. చీరతో ఎందుకమ్మా, ఎలా చెయ్యాలో నోటితో చెప్పండి, అటెండరు తిప్పుతాడన్నారు. అది నాకు పొద్దుటి గౌరవం కంటే ఇబ్బందిగా అనిపించింది. చెంగు నడుముకి చుట్టి దోపుకుని, పైపు వైసులో బిగించాను. కోత తిన్నగానే వచ్చింది. డై మాత్రం సగం దాకా వెళ్ళి మొరాయించింది. అందరూ చూస్తున్నారన్న కంగారులో భాయ్ చెప్పిందంతా మర్చిపోయి ముందుకే తొయ్యడం మొదలుపెట్టాను. ఇది జరక్కపోతే నాన్న పెరుగన్నం వదిలేసి లేచిన రాత్రి మళ్ళీ వస్తుంది. అప్పుడు ఎర్రచొక్కా ఆయన, నా వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు, ఆకాశంలోకి చూస్తూ ఎవరితోనో అన్నట్టు "జర ఎనక్కి," అన్నాడు. ఆఫీసరు గారు ఎవరా మాట్లాడిందని గద్దించారు. అందరూ ఆకాశంలోకి చూశారు. నేను డై కొంచెం వెనక్కి తిప్పి, నూనె వేసి, మళ్ళీ ముందుకి నొక్కాను. ఇనుప రజను రాలి, పిడి కదిలింది.

రెండు పైపుల్నీ కలిపే సాకెట్ బిగించి నీళ్ళు వదిలితే కీలు దగ్గర ఒక చుక్క మెరిసింది. ఆఫీసరు గారు దాన్ని జేబురుమాలుతో తుడిచి, రెండో చుక్క కోసం వంగి నిలబడ్డారు. అందరం నిలబడ్డాం. ఎండ మాడిపోతోంది. రెండో చుక్క రాలేదు, లేదా ఆయన ఓపిక దానికంటే ముందు అయిపోయింది. పాసు అన్నారు. (ఎర్రచొక్కా ఆయన కీలు చుక్క లేకుండా నిలిచింది. రాతపరీక్షలో కూడా ఎలాగో గట్టెక్కాడని తర్వాత తెలిసి, నేను గుళ్ళో కొబ్బరికాయ కొట్టాను.)

ఇంటికి వెళ్ళేసరికి పెళ్ళివారు వచ్చి కూర్చుని ఉన్నారు. వెనక గుమ్మంలోంచి దూరదామంటే ఆటో సరిగ్గా ముందు గేటు దగ్గరే ఆగింది. వెంకటగిరి చీర మీద నల్లటి నూనె మరకలు, చేతుల నిండా తుప్పు. అమ్మ మొహం చూసి, దాచడానికి ఇక ఏమీ మిగల్లేదని అర్థమైంది. అబ్బాయి తల్లి చాలా సౌమ్యంగా, ఎక్కడి నుంచి వస్తున్నావమ్మా అని అడిగారు. ప్లంబరు పరీక్ష రాసి వస్తున్నానండి అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అదీ మైత్రీవనంలోనే నేర్పుతారా?" అని అడిగారు. మైత్రీవనం వెనక అని చెప్పాను. ఆవిడ కొడుకు వైపు తిరిగారు. అతను టై సవరించుకుని, "ఇప్పుడిప్పుడే వస్తోందమ్మా. మంచి స్కోపే ఉంది," అన్నాడు.

అమ్మ ప్రాణం లేచొచ్చి అందరికీ రెండోసారి స్వీటు పెట్టింది. రెండు రోజుల్లో అమ్మాయి నచ్చిందని కబురు కూడా వచ్చింది. నాన్నే పట్టుబట్టి సోమాజిగూడలో వాళ్ళింటికి వెళ్ళి, ప్లంబరు అంటే ప్లంబరేనని విడమర్చి చెప్పొచ్చారు. మళ్ళీ కబురు రాలేదు. అమ్మ నాన్నతో చాలా రోజులు మాట్లాడలేదు. లైసెన్సు వచ్చిన రోజున మాత్రం దాన్ని దేవుడి గదిలో పెట్టి, కుంకుమ బొట్టు పెట్టింది అమ్మే. టెఫ్లాన్ భాయ్ గుల్బర్గా నుంచి ఫోన్ చేసి, పాసయ్యావా అని అడగలేదు, చుక్క పడిందా అని అడిగాడు. ఒకటి పడిందన్నాను. ఒకటేనా అని మళ్ళీ అడిగి, పర్వాలేదన్నాడు.

తర్వాత చాలా ఏళ్ళు నా సంతకంతో పంజాగుట్ట చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళకి నీళ్ళు వచ్చాయి. అన్నయ్యకి ఎన్నవ భాషలోనో మొత్తానికి ఉద్యోగం వచ్చింది. పెళ్ళిచూపుల్లో ముందే అంతా చెప్పేస్తే, అయితే మనింట్లో కొళాయిలు కారవన్నమాట అన్న ఒక లెక్చరర్ గారిని నేను చేసుకున్నాను. షాపు రోడ్డు వెడల్పులో పోయింది. మొన్న మా ఫ్లాట్‌లో వంటింటి సింకు కింద కారుతుంటే ఫోన్లో బుక్ చేసి ఒక కుర్రాణ్ణి పిలిచారాయన. నేను వంగి చూడబోతే ఆ అబ్బాయి చాలా మర్యాదగా, "జర పక్కకి జరుగుండ్రి ఆంటీ, గిది టెక్నికల్. మీకు సమజ్ గాదు," అన్నాడు. టేపు ఎదురు దిక్కుకి చుడుతున్నాడు. చెబుదామనుకున్నాను గానీ ఆ "ఆంటీ" దగ్గర నా మాట ఆగిపోయింది. పక్కకి జరిగి చాయ్ పెట్టాను. వాడు వెళ్ళాక మళ్ళీ చుక్కలు మొదలయ్యాయి. పాత చీర పరిచి, సింకు కిందకి దూరి, టేపు విప్పి సరైన వైపుకి చుట్టి బిగించాను. చుక్క ఆగింది. లేవబోతే నడుము లేవలేదు. సరే అని అక్కడే వెల్లకిలా పడుకుని, ఆరిన కీలు వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన వచ్చి, అక్కడ ఏం చేస్తున్నావన్నారు. "ఏం లేదు, చూసుకుంటున్నాను. మీరూ రండి, బాగుంది," అన్నాను.