మామ చెయ్యి పడ్డ బండి

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట, "కారు దగ్గరనా?"

అంతే, మా ఇంట్లో నా గురించి తీర్పు అయిపోయింది. మనిషి పోయాడంటే ఈ పిల్ల కారు సంగతి అడిగిందని అమ్మ పిన్నితో చెప్పింది, పిన్ని చర్చిలో సగం మందితో చెప్పింది. నేను కొనాలనుకున్న ఒక పాత కారును ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ మామా కలిసి చూడాలి. అప్పటిదాకా ఆగలేక రోజూ ఫోన్ చేసి సతాయిస్తుంటే, "నేనే ముందుగాల పోయి చూసొస్త, నీ పోరు పడలేను" అన్నాడు. నా కోసం ఎండలో అక్కడికి పోయి పడిపోయాడేమోనని నా భయం. కాదు. అశ్వారావుపేటలో తన షెడ్డులో, కుర్చీలో కూర్చునే పోయాడు. గుండె. అట్లా ఎందుకు అడిగావని ఇప్పటికీ ఒక్కరూ నన్ను అడగలేదు.

జ్ఞాపకార్థ కూటంలో అందరూ ఆయన్ను శాంతమూర్తి అన్నారు. ఆయనతో పాత బండి బేరానికి పోయినవాడు ఒక్కడు మైకు అందుకున్నా అసలు సంగతి తెలిసేది. మస్కట్‌లో కార్ల గ్యారేజీలో చాలా ఏళ్ళు చేసి వచ్చి ఇక్కడ ట్రాక్టర్ల రిపేరు షెడ్డు పెట్టుకున్న మనిషి. ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పడు. "క్లచ్ పోయిందా మామా?" అంటే "మస్కట్‌ల ఒక షేక్ ఉండె" అని మొదలుపెడతాడు. షేక్ కథ ముగిసేలోపు ట్రాక్టర్ వాడు వేరే షెడ్డుకు పోయేవాడు.

రోటరీ ఇంజన్ సంగతి నేను మొదట విన్నది కూడా ఆ కథల్లోనే. అందులో పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకోవు. మూడు మూలల ముక్క ఒకటి లోపల గుండ్రంగా తిరుగుతుంది. మూలల్లో సన్నటి సీళ్ళుంటాయి. అవి అరిగితే ఇంజన్ పనైపోయినట్టే. కాలేజీలో మెకానికల్ చదువుతూ ఆ బొమ్మ చూసిన రోజే అలాంటి కారు కొనాలనుకున్నాను. నాన్న మాత్రం "ఎవడే ఆ కారు పోరడు?" అని అడిగాడు. కారు నాకు కావాలని చెబితే ఇంకా ఎక్కువ దిగులుపడ్డాడు.

"ఆయిల్ తాగుతదట గద మామా?"

"తాగుతది. అది జబ్బు గాదు, దాని తీరే గంత. మా బండి ఆయిల్ తాగదని ఎవడన్న అంటే అబద్ధం, ఆడ్నించి లేచి రా."

"మైలేజీ?"

"మైలేజీ కావాల్నంటే మోపెడ్ కొనుక్కో."

మర్నాడు ఆయనే ఫోన్ చేసి, "నాలుగు డోర్ల బండి తీస్కోవే, పెండ్లయినంక పనికొస్తది" అనేవాడు. నేను ఫోన్ పెట్టేసేదాన్ని. ఒక్క విషయంలో మాత్రం ఆయనకు సాటి లేరు. నేను స్టీరింగ్ పట్టుకుంటే ఇంట్లో అందరూ సీటు అంచుకు జరిగి కూర్చుంటారు. మామ పక్క సీట్లో నిద్రపోయేవాడు.

నేను చూడాల్సిన ఆ కారు సత్తుపల్లి కాంట్రాక్టర్‌ది. ఎర్రటిది, రెండు డోర్లది. దాన్ని హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నప్పుడు ఇంజన్ విప్పి బాగుచేసింది మామే. బండి ఇంటికొచ్చిన మర్నాడు ప్రార్థన పెట్టారు. మావాళ్ళు బండి కొంటే పాస్టర్ గారు తాళాలు చేతిలో పట్టుకుని ప్రార్థన చేస్తారు. పొద్దున్నే చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి, కాంట్రాక్టర్ ఇంటి షెడ్డులోంచి పందిట్లోకి తెచ్చి, వెంటనే ఆపి, తాళాలు పాస్టర్ గారి చేతిలో పెట్టారు. రోటరీకి అంతకన్నా చెరుపు లేదు. వేడెక్కకుండా ఆపితే లోపల పెట్రోల్ నిండిపోయి మళ్ళీ లేవదు. లేవలేదు.

"ఆమెన్ అయ్యేదాంక ఆపొద్దని చెప్పిన గదరా!" అని మామ అరిచాడు.

"బండి చప్పుడులో ప్రార్థన ఎట్ల చేస్తమయ్యా?" అన్నారు పాస్టర్ గారు.

"దేవునికి వినపడతది అయ్యగారూ, మీరు చెయ్యిరి!"

అందరూ భోజనాలకు కూర్చుంటే మా శాంతమూర్తి మామ ప్లగ్గులు విప్పి ఎండలో ఆరబెడుతూ, కాంట్రాక్టర్‌ను వాళ్ళ ఇంటి ముందే తిడుతున్నాడు.

సమాధి చేసి వచ్చిన మూడో రోజు అమ్మ మాట మారింది. "ఆ కారు కొనవే. అన్న చెయ్యి పడ్డ బండి. ఇంటి ముంగట ఉంటే అన్న ఉన్నట్టే ఉంటది." కారు పేరెత్తినందుకు నన్ను రాతిగుండె అన్న అమ్మే ఈ మాట అంది!

అనుకున్న ఆదివారమే ఒక్కదాన్నే వెళ్ళాను. "మీ మామ చేసిన బండే గదమ్మా, ఇంక చూసేదేముంది?" అన్నాడు కాంట్రాక్టర్. తాళం తిప్పగానే లేచింది. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని అశ్వారావుపేట రోడ్డెక్కాను. అబద్ధం చెప్పను, అంత హాయిగా నేనెప్పుడూ బండి నడపలేదు. ఇంజన్ వేడి చూపే ముల్లు నిలకడగా నిలబడ్డాక ఒక చాయ్ బండి దగ్గర ఆపాను. "చల్లగున్నప్పుడు సీళ్ళరిగిన ముసలి ఇంజనైన లేస్తది. వేడి మీద ఆపి, ఒక చాయ్ తాగినంక లేస్తేనే బేరం" అనేవాడు మామ.

చాయ్ తాగాను. తాళం తిప్పాను. స్టార్టర్ తిరుగుతూనే ఉంది, ఇంజన్ అందుకోలేదు.

"నెట్టాల్నా బిడ్డా?" అంది చాయ్ బండి ఆమె.

"ఎండకు అట్ల చేస్తది, అంతే. మీ మామకు ఎరికే" అన్నాడు కాంట్రాక్టర్.

మామకు ఎరికైతే నాకు చెప్పేవాడు. తాళాలు కాంట్రాక్టర్ చేతిలో పెట్టి బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే ఆయిల్‌పామ్ గెలల ట్రాక్టర్ ఒకటి కారు పక్కనే ఆగి ఉంది. ఎర్ర బానెట్ లేపి నలుగురు మగవాళ్ళు తలలు లోపల పెట్టి, ఒకరి మాట ఒకరు వినకుండా సలహాలు చెప్పుకుంటున్నారు.

"మామ గుర్తు వద్దంటవా? ఏం పిల్లవే నువ్వు!" అని అమ్మ ఏడ్చింది. "పోనీలే, బుద్ధొచ్చింది" అని నాన్న సంతోషపడ్డాడు. ఇద్దరికీ అర్థం కాలేదు.

ఆ కారు నేను కొనడం లేదు. హైదరాబాద్‌లో ఇంకో రోటరీ కారు అమ్మకానికి ఉంది. వచ్చే శనివారం వెళ్తున్నాను. వేడి మీద లేస్తే కొంటాను.