దల్హా కొండ మీద నాలుగో గొంతు

మా అత్త పోయిందన్న కబురు నాకు తఖత్‌పూర్‌లో, బ్యాంకు పనిలో ఉండగా, పొద్దున్న పదిన్నరకి వచ్చింది. "అత్త వెళ్ళిపోయిందే" అన్నాడు అన్నయ్య ఫోన్‌లో. నేను అలవాటు కొద్దీ ఆ మాట తిరిగి చెప్పాను. "అత్త వెళ్ళిపోయింది. పదిన్నరకి విన్నాను." అవతల అన్నయ్య ఏడుస్తూనే నవ్వాడు. ఎందుకంటే ఆ పద్ధతి మా ఇద్దరికీ నేర్పింది ఆవిడే.

ఆవిడ మా నాన్నకి అక్క. బిలాస్‌పూర్ రైల్వే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగమంతా చేసింది. రైల్వేలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కబురు వెళితే, అవతలివాళ్ళు దాన్ని మళ్ళీ చదివి వినిపించాలి. అప్పుడే అది అందినట్టు. అత్త దీన్ని ఇంట్లో కూడా అమలు చేసేది. బజారు నుంచి ఏం తేవాలో చెప్పి, "ఏదీ, తిరిగి చెప్పు" అనేది. కొత్తిమీర మర్చిపోతే మొదటి నుంచీ చెప్పించేది. "తిరిగి చెప్పనిదే అందినట్టు కాదే గుంటా" అనేది. ఎన్నిసార్లు విసుక్కున్నానో! గుంట అంటే మా విజయనగరం వైపు పిల్ల అని. అందరిముందూ అలా పిలుస్తుందని ఇంకా కోపం.

రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి బిలాస్‌పూర్‌లోనే మంగ్లాలో ఇల్లు కట్టుకున్నాక, ఆవిడ తోటివాళ్ళంతా తీర్థయాత్రలకి తయారవుతుంటే, మా అత్త పరీక్ష రాసి రేడియో లైసెన్సు తెచ్చుకుంది. పాటలు వినే రేడియో కాదండోయ్, మాట్లాడే రేడియో. సెల్ టవరూ అక్కర్లేదు, ఇంటర్నెట్టూ అక్కర్లేదు. ఒక చిన్న సెట్టు, బ్యాటరీ, పొడుగాటి తీగ ఉంటే చాలు, ఏ ఊరివాళ్ళతోనైనా మాట్లాడచ్చు. ఈ రేడియోవాళ్ళలో కొంతమందికి ఇంకో పిచ్చి ఉంది. ఆ సెట్టు మోసుకుని కొండెక్కుతారు, శిఖరం మీద కూర్చుని పిలుస్తారు. కనీసం నలుగురు బదులిస్తేనే ఆ కొండ లెక్కలోకి వస్తుంది. ముగ్గురైతే కొండెక్కిన ఆయాసమే మిగులుతుంది.

"జేబులో ఫోనుండగా ఈ తిప్పలెందుకత్తా?" అని ఒకసారి అడిగాను.

"ఫోన్‌లో మనం ఎవులికి చేస్తే వాళ్ళే ఎత్తుతారు. ఇందులో ఎవులెత్తుతారో ఏటి తెలుసు? అదే కదే మజా!"

ఆ మజా ఏమిటో నాకు తెలిసింది దల్హా కొండ మీద. ఒకరోజు పొద్దున్నే నేనూ అత్తా మెమూ రైలెక్కి అకల్తరాలో దిగాం. వీపున సంచి, చేతిలో మూడు ముక్కలుగా విడదీసిన వెదురు గడ. కొండ కింద సీతాఫలాలు అమ్ముకుంటున్న ఆవిడ మా సరంజామా చూసి, "మొబైల్ టవర్ లగావత్ హవ్ కా దాయి?" అని అడిగింది, టవర్ పెడుతున్నారా అమ్మా అని. అత్త తొణక్కుండా "హాఁ, ఏక్ ఘంటే కే లియే" అంది, అవును, ఒక్క గంటకి అని. ఆవిడ నవ్వి రెండు పళ్ళు చేతిలో పెట్టింది.

చివరి ఎక్కుడు నిటారుగా ఉంటుంది. నేను నాలుగుచోట్ల కూలబడ్డాను. అరవై దాటిన అత్త మాత్రం పైనుంచి తొంగి చూసి, "అచ్ఛా, బ్యాంకు ఆఫీసరమ్మ లంచి టైమా?" అని వెక్కిరించింది. పైకి చేరాక గడ నిలబెట్టి, తీగ కట్టి, సెట్టు ముందు కూర్చుంది. అంతే, గొంతు మారిపోయింది. ఎక్స్‌ఛేంజి గొంతు! తన గుర్తింపు అక్షరాలు ఒక్కొక్కటే విడదీసి పలికింది. నాకు లైసెన్సు లేదు కాబట్టి నా పని పుస్తకంలో రాయడం.

"వినపడింది రాయి. అనుకున్నది రాయకు" అని పెన్సిల్ చేతికిచ్చింది.

నాగపూర్ పలికింది. భోపాల్ పలికింది. కటక్ పలికింది. ముగ్గురు! తరవాత అరగంట గరగర తప్ప ఏమీ లేదు. దూరాన మబ్బు కమ్ముకొస్తోంది. ఉరుము వినిపిస్తే తీగ దింపెయ్యాలని ముందే చెప్పింది. ఇంక లాభం లేదనుకుంటుండగా ఆ గరగరలోంచి ఒక ముసలి గొంతు, శుద్ధంగా మా ఇంటి తెలుగులో, "ఏటమ్మా, కొండ మీంచేనా? విజయనగరం నుంచి మాటాడతన్నాను. మీ గొంతు బాగా వినబడతంది" అంది.

నాలుగు! నేను గబగబా నాలుగో వరుస నింపేసి, పక్కన టిక్కు కూడా పెట్టేసి, "వచ్చీసింది అత్తా!" అని ఎగిరి గెంతాను. కాలు తీగలో పడింది. గడ ఒరిగింది. తీగ మొదట్లోనే పుటుక్కున తెగింది. సెట్టు మూగబోయింది. అతికించే సామాను మంగ్లాలో ఉంది, ఉరుము నెత్తి మీద ఉంది.

నాకు ఏడుపొచ్చింది. "ఆయన విన్నారు కదత్తా, మనమూ విన్నాం కదా. నాలుగే కదా!"

అత్త పుస్తకం తీసుకుంది. "ఆయన గొంతు ఎలా వినబడతందో నాను చెప్పేనా? ఆయన తిరిగి చెప్పేడా?"

"లేదు."

"మరేటి?" అని నా వరుస మీద అడ్డంగా గీత కొట్టేసింది. దిగేటప్పుడు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. పైగా దారి పొడుగునా నా గెంతు తలుచుకుని నవ్వుతూనే ఉంది. కానీ ఆ కొండ ఆవిడకి మిగిలిపోయింది. మరుసటేడు మోకాళ్ళు మొరాయించాయి. మెమూ కిటికీలోంచి దల్హా కనబడితే, "మూడున్నర" అని చూపించేది. ఆ అర నా వల్ల పోయిందన్న బాధ నన్ను వదల్లేదు.

ఆ బాధతోనే నేనూ పరీక్ష రాశాను. లైసెన్సు వచ్చేసరికి అత్త మంచం మీద ఉంది. నా గుర్తింపు అక్షరాలు చదివి వినిపించాను. "మళ్ళీ" అంది. మళ్ళీ చెప్పాను. ఆ నీరసంలోనే తను తిరిగి చెప్పింది, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

"దల్హా పూర్తి చేస్తానత్తా, నీకోసం."

"నాకోసం ఏటే? నీ పేరున ఎక్కు, నీ పుస్తకంలో రాసుకో. నా పుస్తకంలో ఏటీ రాయకు. నాకు అందినట్టు రాస్తే అబద్ధం."

పదిరోజుల తరవాత వెళ్ళిపోయింది.

పన్నెండో రోజు అయ్యాక ఆవిడ పుస్తకం తెరిచాను. దల్హా పేజీలో, కొట్టేసిన నాలుగో వరుస చివర, కారణం రాసే గడిలో ఆవిడ ముత్యాల అక్షరాలు: "గుంట గెంతింది. చాలా సంతోషం." ఇన్నేళ్ళూ నేను తప్పు చేశాననుకుంటున్నాను. ఆవిడ అక్కడ సంతోషం అని రాసుకుంది! పుస్తకం మూసి చాలాసేపు ఏడ్చాను.

మొన్న ఆదివారం ఆ సెట్టు, ఆ గడ పట్టుకుని ఎక్కాను. సీతాఫలాలావిడ "దాయి ఏదీ?" అని అడిగింది. చెప్పాను. ఈసారీ రెండు పళ్ళు పెట్టింది. పైన గడ నిలబెట్టి పిలిచాను. రాయ్‌పూర్ పలికింది, జబల్‌పూర్ పలికింది, కటక్ పలికింది. ఆ తరవాత, మీరు నమ్మండి, అదే ముసలి గొంతు. "దల్హాయేనా? ఆవేళ మాట మధ్యలో ఆగిపోయిందమ్మా. మీ అమ్మగారా ఆవిడ?"

"మా అత్తండి. పోయారు."

"అయ్యో!" అన్నారు. తరవాత ఆయన నెమ్మదిగా నా అక్షరాలు, కొండ పేరు, నా గొంతు ఎలా వినబడుతోందో అన్నీ వరసగా చెప్పారు. ఆయన గొంతు ఎలా ఉందో నేను చెప్పాను. ఆయన తిరిగి చెప్పారు. నేనూ తిరిగి చెప్పాను. అందింది.

నా కొత్త పుస్తకంలో నాలుగో వరుస రాశాను. సెట్టు ఆపాను. లేచి నిలబడి, కాళ్ళ దగ్గర తీగ ఎటు పోతోందో చూసుకుని, రెండడుగులు పక్కకి జరిగాను.

అప్పుడు గెంతాను.