తెల్ల పన్ను

పొదిలి దగ్గర మా ఊరి బోరు నీళ్లకు అందరి పళ్లూ గారపట్టాయి. అమ్మ కొంగు అడ్డం పెట్టుకునే నవ్వేది. ఆమె ముందు పన్ను ఒకటి ఊడితే, ఎముకలో స్క్రూ బిగించి కట్టే తెల్లటి ఇంప్లాంట్ పన్ను పెట్టించాను.

నిరుడు దాని చుట్టూ చీము పట్టింది. మార్కాపురంలో డాక్టరమ్మ చిగురు తెరిచి, ఎముకలోని స్క్రూకు పట్టిన పాచి నాకు చూపించింది.

అదంతా గీకి, కడిగి, కుట్లు వేసింది. "ఎముక కొంత కరిగింది. పన్ను నిలుస్తుందని చెప్పలేను. ఇక్కడ బ్రష్ చేయలేదా పెద్దమ్మా?" అని అడిగింది.

"తెల్లగుంది గదా అని ముట్టలేదు తల్లీ. గార పళ్లనే రుద్దుకుంటా వచ్చినా."

అమ్మ అద్దం తీసుకుని ఆ గార పళ్లనే చూసుకుంది. "ఇన్నాళ్లూ వీటికే సిగ్గుపడినా. ఇయ్యే గట్టిగున్నాయి," అంది.

తెల్ల పన్ను ఎన్నాళ్లుంటుందో తెలియదు. అమ్మ నవ్వుకు మాత్రం ఆ రోజు నుంచి కొంగు అడ్డం రాలేదు.