అవతలి ఒడ్డు కానచ్చిందా?

నిరుడు మా అల్లుడు నా మోకాళ్ళ నొప్పులు చూడలేక, డాక్టరు చెప్పాడని ఒక సైకిలు తెచ్చి నా గదిలో పెట్టాడు. దానికి నేల మీద ఆనే చక్రాలు లేవు, గంట లేదు, ఎంత తొక్కినా పెట్టిన చోటు నుంచి అంగుళం కదలదు, కానీ ముందున్న చిన్న అద్దంలో మాత్రం ఇన్ని కిలోమీటర్లు పోయావని అంకెలు పడుతుంటాయి. మొదటి రోజు పావుగంట తొక్కితే నాలుగు కిలోమీటర్లు వచ్చానని చెప్పింది, ఎదురుగా చూస్తే అదే గోడ, అదే క్యాలెండరు. ఇంత ధైర్యంగా అబద్ధమాడే సైకిలును నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి చూడలేదు. ఆ క్యాలెండరు మీద ఆ నెల సముద్రం బొమ్మ ఉంది. దాన్ని చూస్తూ తొక్కుతుంటే, నిజంగానే సముద్రం పక్కన సైకిలు తొక్కిన రోజులూ, వాటితోపాటు మా బాపు అడిగిన ఒక ప్రశ్నా గుర్తుకొచ్చి, కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

డెబ్బయ్యవ దశకం మధ్యలో మాట. మా ఊరు మందమర్రికి మూడు మైళ్ళు, బాపు అక్కడి బొగ్గు బాయిలో పని చేసేవాడు. మన ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు, ఆ రోజుల్లో ఇంట్లో ఒక సైకిలుంటే అది ఇంకో మనిషి లెక్క. బాపు ఆ నల్లటి సైకిలును ప్రతి ఆదివారం వాకిట్లో తలకిందులుగా నిలబెట్టి, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో చక్రాల పుల్లలు ఒక్కొక్కటే తుడిచేవాడు, పిల్లలకు ఒక్కనాడైనా ఇంత శ్రద్ధగా తలంటి పోశావా అని మా అవ్వ, అంటే అమ్మ, దెప్పుతున్నా వినిపించుకునేవాడు కాదు.

నేను ఐ.టి.ఐ.లో ఫిట్టరు చదువు ముగించి ఉద్యోగం కోసం ఎదురు చూస్తున్నాను. మా మేనబావ, మా లెక్కల సారు కొడుకు, నేను, ఈ ముగ్గురం ఎప్పుడూ ఒకటిగా తిరిగేవాళ్ళం. సారు కొడుకు బడిలోని అట్లాసు మీద పల్చటి కాగితం పెట్టి సముద్రపు ఒడ్డును గీసుకొచ్చి, దాని వెంట దారం పరిచి కొలిచి, బెజవాడ దాకా రైలులో సైకిళ్ళు వేసుకుపోతే, బందరు దగ్గర సముద్రాన్ని పట్టుకొని, దాన్ని కుడి చేతి పక్కనే ఉంచుకొని విశాఖపట్నం దాకా తొక్కవచ్చనీ, రైలు ప్రయాణంతో కలిపి పదిహేను రోజుల్లో ఇంటికి చేరవచ్చనీ తేల్చాడు. మాలో ఒక్కరూ సముద్రం చూసినవాళ్ళు కాదు. మాకు నీళ్ళంటే గోదారి, ఇసుకంటే గోదారి ఇసుక.

వాళ్ళిద్దరికీ సైకిళ్ళున్నాయి, నాకు లేదు. బాపు సైకిలు తీసుకుంటే ఆ పదిహేను రోజులూ ఆయన భూమి లోపల ఎనిమిది గంటల చాకిరీకి మూడు మైళ్ళు నడిచి పోయి, మూడు మైళ్ళు నడిచి రావాలి. అందుకే అడగడానికి నోరు రాక, నాలుగు రోజులు గింజుకొని, చివరికి అవ్వ చేత అడిగించాను. బాపు అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత, "సముద్రానికి అవతలి ఒడ్డు కానరాదంటరు, నిజమేనారా?" అన్నాడు. పుస్తకంలో అట్లాగే ఉందన్నాను. ఆయన నమ్మలేదు. వానకాలం గోదారి ఎంత ఉప్పొంగినా తేరిపార చూస్తే అవతల ఏదో ఒక చెట్టు తల కనిపిస్తుందని, ఒడ్డు లేని నీళ్ళుండవని ఆయన వాదన. "పోయి సూసిరా. మంచిగ సూడు. సైకిల్ మాత్రం ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తేవాలె. ఎత్తుకచ్చుడు గాదు, నడుస్తనే రావాలె" అన్నాడు. సరేనన్నాను. ఆ ఒక్క సరే నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

అవ్వ బియ్యప్పిండితో సర్వప్పలు కాల్చి, మామిడికాయ తొక్కు కట్టి, కడుపు నొప్పి వస్తే నమలమని వాము పొట్లం కూడా సంచిలో పెట్టింది. ఈ వాము సంగతి మళ్ళీ వస్తుంది.

బందరు దాటాక సముద్రం కనిపించగానే ముగ్గురం సైకిళ్ళు దిగి నోళ్ళు తెరుచుకొని నిలబడ్డాం. నేను మాత్రం నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అవతలి ఒడ్డు కోసం వెతికాను. బావ "అగో, చెట్లు!" అని అరిచాడు కానీ, కాసేపటికి ఆ చెట్లు కదిలి పక్కకు పోయాయి, తెరచాప పడవలవి. అక్కడి నుంచి ఉప్పు మళ్ళ గట్ల మీద, సరుగుడు తోటల నీడల్లో, కాలువలు అడ్డం వస్తే సైకిళ్ళను పడవల్లోకి ఎక్కించుకొని పోతుంటే, మధ్యాహ్నం దాటిన తర్వాత సముద్రపు గాలి పక్క నుంచి తోసి మా సైకిళ్ళు తాగినవాళ్ళ లాగా నడిచేవి. పొద్దు వాలితే రెండు సైకిళ్ళు ఎదురెదురుగా నిలబెట్టి, మీద వెదురు కర్ర కట్టి, తాడిపత్రి కప్పితే అదే మా గుడారం. మా మాట అక్కడి వాళ్ళకు, వాళ్ళ మాట మాకు సగం సగమే అందేది. ఒక ఊళ్ళో సారు కొడుకు ఒక పెద్దావిడను "జర నీళ్ళియ్యవా అవ్వా" అని అడిగితే, ఆమె ఆ 'జర'ను జ్వరం అనుకొని, నీళ్ళు తేవడానికి ముందు వాడి నొసలు పట్టుకొని చూసింది. ఆ రోజంతా వాణ్ణి ఏడిపించాం. మా వంతు కూడా ఉందని మాకేం తెలుసు!

కాకినాడ దాటిన మరుసటి సాయంత్రం, మా గోదారి లెక్కలోనే, నీళ్ళకు దగ్గరగా తడిసి గట్టిపడ్డ ఇసుక మీద గుడారం వేశాం. చలికాలం చివర్లో గోదారి నీళ్ళు తగ్గుతాయే గాని పెరగవు, సముద్రమైనా అంతే అనుకున్నాం. వల భుజాన వేసుకొని పోతున్న ఒక ముసలాయన ఆగి, మమ్మల్నీ గుడారాన్నీ చూసి, "తెల్లారగట్ల పోటుంటాది బాబూ, చూసుకోండి" అన్నాడు. ఆటుపోట్లని పుస్తకంలో చదివినవాళ్ళమే, కానీ మా దిక్కు పోటంటే కడుపులో పొడిచేది, పంట్లో పొడిచేది. బావ కరిగిపోయాడు. "పాపం పెద్దమనిషికి పొద్దుగాల కడుపుల పోటస్తదట" అని మాతో చెప్పి, వాము పొట్లం విప్పి గుప్పెడు ఆయన చేతిలో పోసి, నమిలి వేడినీళ్ళు తాగమన్నాడు. ఆయన చేతిలోని వామునూ, బావ మొహాన్నీ మార్చి మార్చి చూసి, వల సర్దుకొని వెళ్ళిపోయాడు.

తెలతెలవారుతుండగా కాళ్ళకు చల్లగా తగిలి కళ్ళు తెరిచాను. మేం అన్నం వండుకునే గంజు తేలుతూ పోతోంది. ఇంకో అల వచ్చి తాడిపత్రిని మా మీద పడేసింది. సముద్రం వైపు నిలబెట్టింది బాపు సైకిలునే. అది కింద పడి, అలతోపాటు లోపలికి జారుతుంటే మోకాళ్ళ లోతు నీళ్ళలో పడి చక్రం పట్టుకొని వేలాడాను. నాకు ఈత రాదన్న సంగతి కూడా అప్పుడు గుర్తు రాలేదు, బాపు నడుస్తున్న మూడు మైళ్ళే గుర్తొచ్చాయి. ముగ్గురం కలిసి లాగి బయట పడేసేసరికి దాని ఒళ్ళంతా ఇసుక. ముసలాయన మళ్ళీ అటే వచ్చి, "పోటని చెప్తే వామిస్తారేటి నాయనా!" అని నెత్తి కొట్టుకొని, మంచినీళ్ళ బావి చూపించాడు.

ఎంత కడిగినా లాభం లేకపోయింది. మధ్యాహ్నానికి పెడల్ కరకరమంది, వెనుక చక్రం పూర్తిగా పట్టేసింది. బస్సు మీద వేసుకొని కాకినాడ పోయి రైలెక్కుదామన్నాడు బావ. బాపు ఎత్తుకురావద్దన్నాడని నేను మొండికేశాను. "నీ మొండితనానికి మామ ఇంకో రెండొద్దులు నడవాలె గదరా" అన్నాడు బావ. ఆ మాట నిజం. అయినా వినలేదు. వెనుక క్యారియర్ పట్టి పైకెత్తి, ముందు చక్రం మీద నెట్టుకుంటూ పన్నెండు మైళ్ళు నడిచాను. చేతులు బొబ్బలెక్కాయి, దారి సగం ఇసుకే. ఇది ఎత్తుకచ్చుడు గాదా అని బావ దారి పొడుగునా ఆట పట్టిస్తూనే, నేను అలిసినప్పుడల్లా అడగకుండా క్యారియర్ అందుకున్నాడు.

ఒక ఊళ్ళో సైకిలు షాపు మేస్త్రి తన పనిముట్లు నా ముందు పెట్టి, నువ్వు ఫిట్టరువే కదా, నువ్వే విప్పుకోమన్నాడు. రెండు రోజులు ఆ షాపు ముందు కూర్చొని చక్రాలు విప్పి, బాల్‌బేరింగులు ఒక్కొక్కటే కిరసనాయిలులో కడిగి, గ్రీజు పట్టించాను. అంతా వచ్చింది గాని పెడళ్ళ నడుమ ఉండే ఇరుసు కప్పు మాత్రం ఉప్పుకు బిగుసుకుపోయి ఎంతకూ ఊడి రాలేదు. పై నుంచే నూనె పోసి ఊరుకున్నాను. ఆ కరకర అట్లాగే మిగిలింది, కానీ సైకిలు నడిచింది. దాని మీదే విశాఖపట్నం చేరాను. అక్కడ కొండ మీద నిలబడి ఇంకోసారి చూశాను, అవతలి ఒడ్డు కనిపించలేదు.

పదిహేను రోజులని చెప్పి పదిహేడో రోజు మంచిర్యాలలో రైలు దిగి, ఇంటికి పోకుండా నేరుగా బాయి గేటు దగ్గరికి తొక్కుకుంటూ పోయి నిలబడ్డాను. షిఫ్టు దిగి వస్తున్న నల్లటి మొహాల్లో బాపును ఆయన నడకను బట్టి పోల్చుకున్నాను, ఎడమ మడిమ నేల మీద ఆనించకుండా కుంటుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన హ్యాండిల్ అందుకొని, చిన్నప్పటి లాగే నన్ను వెనుక క్యారియర్ మీద కూర్చోమని తొక్కడం మొదలుపెట్టాడు. ఆ కరకర ఆయన చెవిన పడలేదంటే నమ్మను. కొంత దూరం పోయాక, "అవతలి ఒడ్డు కానచ్చిందా?" అన్నాడు.

"కానరాలే బాపు."

"నువ్వు సక్కగ సూడలే. నేనే వచ్చి సూస్త తియ్యి."

"ఈసారి నిన్ను ఎనుక కూసోబెట్టుకొని నేనే తీస్కపోత" అన్నాను. ఆయన నవ్వాడు, వీపు కదలడం తెలిసింది.

ఆ ఏడు దసరాకు ముందు ఓవరాయిలింగ్ చేస్తూ బాపు ఆ మొండి కప్పును సుత్తెతో కొట్టి ఊడదీశాడు. అందులోంచి నూనెలో నానిన ఇసుక, పగిలిన గవ్వ ముక్కలు రాలాయి. తిట్లు తప్పవని తలుపు చాటుకు జరిగాను. ఆయన ఆ ఇసుకను అరచేతిలో వేసుకొని, ఒక్క పలుకు నాలుక మీద పెట్టుకొని, "ఉప్పగనే ఉన్నదే" అని అవ్వతో చెప్పాడు. తర్వాత దాన్ని కడిగి ఎండబెట్టి, పాత సున్నపు డబ్బాలో పోసుకొని బాయి మీదికి తీసుకుపోయి, తోటివాళ్ళకు సముద్రం చూపించి వచ్చాడు.

నాకూ అదే బాయిలో ఉద్యోగం వచ్చింది. ఏటేటా బాపును సముద్రానికి తీసుకుపోదామనుకోవడం, ఒక ఏడు సెలవు దొరక్కపోవడం, ఒక ఏడు ఇల్లు కట్టడం, ఒక ఏడు పిల్లల పరీక్షలు. బాపు ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంట్లో కూర్చున్నాక కూడా వచ్చే ఏడన్నాను. చివరికి కళ్ళకు పొరలొచ్చి, ఆపరేషన్ చేసినా చూపు సరిగా రాని రోజుల్లో, టికెట్లు తీసుకొస్తానంటే, "ఇగ నాకు ఇవతలి ఒడ్డే కానస్తలేదు, అవతలిదేం సూస్తరా" అని నవ్వాడు. తొంభయ్యవ దశకంలో పోయాడు. పన్నెండు మైళ్ళు ఆ సైకిలును మోసిన మొండితనం, రెండు రైలు టికెట్లు తీసుకోవాల్సిన చోట ఎక్కడికి పోయిందో.

ఇప్పుడు మా పిల్లలు శనివారం కారెక్కితే ఆదివారం పొద్దుటికి సముద్రం దగ్గర ఉంటారు, ఫోటోలు అప్పుడే పంపిస్తారు, సోమవారం పనిలో ఉంటారు. తప్పు పట్టను, పోవాలనుకున్నప్పుడు పోతున్నారు, నా కన్నా నయం. నేనేమో పొద్దున్నే లేచి ఈ కదలని సైకిలు ఎక్కుతాను. ఈ ఏడాదిలో సముద్రం దాకా పోయి వచ్చినంత దూరం తొక్కానని దాని అంకెలు చెబుతున్నాయి, మోకాళ్ళు కూడా కొంచెం తెరిపిచ్చాయి. మొన్న అల్లుడు వచ్చి, సైకిలు బాగుందా మామా, ఇంకేమైనా కావాలా అని అడిగాడు. అన్నీ ఉన్నాయన్నాను. వెనుక క్యారియర్ లేదని అతనికి చెప్పలేకపోయాను.